మార్టిన్ అనే పేరు ఎక్కడిది?

షాంటిలీ, వర్జీనియా
అక్టోబర్ 6

బెట్టీ మేడమ్‌కి,

నమస్కారం. నేను మార్టిన్‌ని. వేణుమాధవ్ అని మొదలుపెడితే మీకు గుర్తు రావడానికి కాస్త టైమ్ పట్టేదేమో. పోయిన శనివారం న్యూజెర్సీ ఐసెలిన్‌లో ఆ చీరల షాపులో కూడా నేను "బెట్టీ మేడమ్!" అని అరిస్తేనే కదా మీరు వెనక్కి తిరిగారు. కౌంటర్ దగ్గరున్న వాళ్లంతా తెల్లావిడ ఎవరొచ్చిందా అని చూశారు. ఇరవై ఏళ్లయింది. అయినా కాల్ సెంటర్ కోసం పెట్టుకున్న ఆ పేర్లు మనల్ని వదల్లేదు.

ఫోన్ నంబర్ అడిగితే "పదకొండేళ్లు ఫోన్‌లోనే బతికాను, ఇక ఎత్తను, ఉత్తరం రాయి" అని బిల్లు వెనక అడ్రస్ రాసిచ్చారు. హాస్యానికి అన్నారనుకున్నాను. మా ఆవిడ విద్య మాత్రం "ఆవిడ రాయమన్నారుగా, రాయి" అని కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. నాలుగు లైన్లు రాసేసరికి వేళ్లు లాగుతున్నాయి మేడమ్. ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం నాది. వారానికి మూడు అర్ధరాత్రి కాల్స్, ముప్ఫై మీటింగులు. పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాను. అలసిపోయాను అని చెప్పుకోవడానికి కూడా ఓపిక లేదు.

పని ఉండే రాస్తున్నాను. మా అమ్మాయి ఇషా పదకొండో గ్రేడ్. స్కూల్లో పెద్ద ప్రాజెక్ట్ ఒకటి చేయాలి. బ్రిటిష్ వాళ్ల స్లాంగ్ మాటలు, మారుపేర్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది తను తీసుకున్న టాపిక్. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి మూడేళ్లప్పటి నుంచి నేను నిద్రపుచ్చుతూ చెప్పినవన్నీ మీరు నేర్పిన మాటల కథలే. ఇప్పుడు దానికి పదహారు. ఇంట్లో నాతో వేరే ఏ సంగతీ మాట్లాడదు. "డాడ్, బాబీ అంటే పోలీస్ ఎందుకు?" అని మొదలైతే మాత్రం అరగంట కూర్చుంటుంది. నాకు మిగిలింది ఆ అరగంటే.

ఇంగ్లండ్‌లో వాషింగ్ మెషిన్ పాడైతే హైదరాబాద్ సోమాజిగూడలో కూర్చుని సారీ చెప్పే ఉద్యోగమని ఇషాకి వివరించాను. ఫ్లోర్ మీదకి పెన్నూ కాగితం రానివ్వరని, మీరు చెప్పినవి బుర్రలో పెట్టుకుని ఇంటికెళ్లే క్యాబ్‌లో నోట్‌బుక్‌లోకి ఎక్కించేవాడినని చెప్పాను. నలభై ఒక్క మాటలు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు దాని బల్ల మీద ఉంది.

టీచర్ ప్రతి మాటకీ ఆధారం చూపించమంటోంది. మీరు ఏ పుస్తకాల్లోంచి తీసుకునేవారో చెప్తారా? రెండోది, నా పేరు. నాన్న మారుపేరు మీద ఒక పేజీ పెడతానంటోంది. మార్టిన్ అంటే చూరు కింద గూడు కట్టుకునే పిట్ట, ఎంత దూరం ఎగిరినా అదే చూరుకి తిరిగొస్తుంది, అందుకే ఆ పేరు పెట్టాను అన్నారు మీరు. అదొక్కటి మీ చేతిరాతతో రాసి పంపితే ఇషా అంటించుకుంటుంది.

మీ
మార్టిన్

* * *

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
అక్టోబర్ 19

మార్టిన్‌కి,

ఉత్తరం అందింది. నీ దస్తూరీ అప్పుడూ కోడిగీతలే, ఇప్పుడూ అంతే. అది చూసి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

షాపులో నువ్వు అడిగావు, నాకు చెప్పే తీరిక లేకపోయింది. నేను మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మందు వేసుకుని తేడా చేసినవాళ్లు ఇంగ్లండ్ నుంచి రాసే ఫిర్యాదులు నా దగ్గరకొస్తాయి. వాళ్లు తమ ధోరణిలో రాస్తారు. నేను దాన్ని డాక్టర్ల భాషలోకి మార్చాలి. ఎవరో ముసలాయన "నాకర్డ్" అని రాస్తాడు, నేను "అలసట" అని కోడ్ చేస్తాను. ఇంకొకామె "డూలాలీ" అయిపోయాను అంటుంది, నేను "మతి స్థిమితం తప్పడం" అంటాను. బెట్టీ చదువు ఇలా కూడు పెడుతోంది. రోజుకి అరవై సార్లు అలసట అని టైప్ చేస్తాను. సాయంత్రం కార్‌లో కూర్చున్నాక ఇంజన్ స్టార్ట్ చేయడానికి పది నిమిషాలు పడుతుంది.

మా పనిలో ఒక కచ్చితమైన పద్ధతుంది. నాలుగు సంగతులు తెలియాలి. రోగి ఎవరు, ఏ మందు, ఏం జరిగింది, చెప్పిందెవరు. నాలుగింట్లో ఒకటి లేకపోయినా అది కేసు కాదు. మీ అమ్మాయి టీచర్ కూడా మా బాపతే అనిపిస్తోంది.

ఇషాకి ఇవి రాసుకోమను. డెక్కో అంటే ఓ చూపు చూడటం, మన హిందీ "దేఖో" నుంచి పోయింది. కుషీ ఉద్యోగమంటే సుఖమైనది, "ఖుషీ" లోంచి వచ్చింది. తెల్ల సిపాయిలు స్వదేశాన్ని బ్లైటీ అనేవారు, అది "విలాయతీ". డూలాలీ అంటే నాసిక్ దగ్గరి దేవలాలీ. సర్వీసు ముగిసిన తెల్ల సిపాయిల్ని అక్కడి క్యాంపులో ఉంచేవారు. ఓడ ఎప్పుడొస్తుందో తెలీదు. చేయడానికి పనీ లేదు, వెళ్లడానికి దారీ లేదు. అలా ఎదురుచూసి ఎదురుచూసి మతి చెడితే "దేవలాలీ జ్వరం" అనేవారు. పన్నెండేళ్ల లైన్‌లో ఉన్నవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

పందికొక్కు కూడా ఉంచమను. ఇంగ్లీష్‌లో బాండికూట్ అన్న మాట మన తెలుగు పందికొక్కే. పిల్లలు నమ్మరు గానీ డిక్షనరీలో ఉంది.

పుస్తకాలంటే ఏం చెప్పను. హైదరాబాద్‌లో వదిలేసి వచ్చాను. మార్టిన్ సంగతా, అది క్లయింట్ పంపిన జాబితాలో ఉన్న పేరు. పేజీ పెట్టేంత కథ లేదు. ఆ పేజీ మానేయమను.

నీ భార్యకి నా ఆశీస్సులు.

రాధారాణి

* * *

షాంటిలీ
నవంబర్ 3

బెట్టీ మేడమ్‌కి,

మీ ఉత్తరం ఇషా రెండుసార్లు చదివించుకుంది. పందికొక్కు నిజమని తేలాక ఒక రోజంతా గొప్ప హుషారుగా ఉంది. తర్వాతే చిక్కొచ్చింది.

నలభై ఒక్క మాటలకీ మూడు గడుల టేబుల్ వేసింది. మాట, పుట్టుక, ఆధారం. ఇరవై ఎనిమిదింటికి ఆధారం దొరికింది. పదమూడు ఎక్కడా లేవట. "డాడ్, ఐ చెక్డ్ ఎవ్రీవేర్. నాకర్డ్ నౌకరీ నుంచి రాలేదు. ముసలి గుర్రాలు కొని చంపేవాడు నాకర్, అందులోంచి వచ్చింది" అంది. కుంపిణీ దొరలు సాయంత్రానికి వాలిపోయే మన నౌకర్లని చూసి, తాము అలిసిపోయినప్పుడు నౌకర్డ్ అనుకున్నారని మీరు చెప్పారు కదా. నమ్మకూడని దాన్ని డాజీ అంటారు కదా, అది కూడా లేదట. మచిలీపట్నంలో సరుకు దొడ్డిదారిన దించేవారని, దాన్నుంచి వచ్చిందని చెప్పారు. మగమనిషిని బ్లోక్ అనడం "బాలక్" నుంచి వచ్చిందన్నదీ లేదు.

నాకు కోపమొచ్చింది. "మా మేడమ్ ఎప్పుడూ తప్పు చెప్పలేదు, నీకు వెతకడం రాలేదు" అన్నాను. "సో యు ట్రస్ట్ హర్, నన్ను కాదు" అని గదిలోకెళ్లి తలుపేసుకుంది. విద్య మధ్యలో నలిగిపోతోంది. డిసెంబర్ 6కి డ్రాఫ్ట్ ఇవ్వాలి. ఇంట్లో మాటల్లేవు. దయచేసి ఆ పదమూడింటికీ ఆధారాలు పంపండి. దాని ముందు నా మాట నిలబడాలి.

ఇంకో రెండు అడిగింది. బ్రిటిష్ వాళ్లు రోజూ వాడే మాట స్కైవ్, అంటే పనికి డుమ్మా కొట్టడం. నోట్‌బుక్‌లో అదెందుకు లేదంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. క్లాసులో మానవ్ ఆ మాట అర్థం అడిగితే మీరు మార్కర్ బల్ల మీద పెట్టి బయటికెళ్లిపోయారు. ఆ రోజు మళ్లీ రాలేదు.

రెండోది పేరు గురించే. జాబితాలో ఉన్న పేరు అన్నారు. మరి పిట్ట సంగతి? మేడమ్, నా మొదటి రోజు నాకిచ్చిన హెడ్‌సెట్ మీద టేప్ ముక్క అంటించి ఉంది. మార్టిన్ అని ఎవరిదో దస్తూరీ. నేనింకా ఒక్క కాల్ కూడా తీసుకోలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, నా గొంతు విని, "నువ్వు మా మార్టిన్‌వి కాదు" అంది. నేను మీ వైపు చూశాను. "జలుబు చేసిందని చెప్పు" అన్నారు మీరు. చెప్పాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం దొరికిన ఆనందంలో ఉన్నాను, ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆవిడ మార్టిన్ ఎవరు?

మీ
వేణుమాధవ్

* * *

ప్లెయిన్స్‌బరో
నవంబర్ 12

వేణూ,

ఇషాకి వెతకడం వచ్చు. అది చెప్పింది నిజం. ఆ పదమూడూ నేను అల్లినవి.

నువ్వు కోప్పడే ముందు ఆ గది ఒకసారి గుర్తు తెచ్చుకో. పది రోజుల ట్రైనింగ్, పదకొండో రోజు పరీక్ష, తప్పితే ఇంటికి. ఎదురుగా ముప్ఫై మంది. గుంటూరు, కరీంనగర్, శ్రీకాకుళం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే సగం మంది. రాసుకోవడానికి వీల్లేదు. కస్టమర్ల వివరాలు ఎత్తుకెళ్తారని మన పెన్నులు గేటు దగ్గరే లాక్కునేవాళ్లు. వినాలి, గుర్తుపెట్టుకోవాలి. అసలు పుట్టుకలు చెప్పి చూశాను. ముసలి గుర్రాల్ని చంపేవాడి సంగతి చెప్తే మర్నాటికి ఒక్కడికీ గుర్తులేదు. నౌకరీ అని చెప్తే ముప్ఫై మందికీ గుర్తుంది. ఆ తర్వాత ఏ మాటకి కథ దొరక్కపోతే దానికి నేనే ఒకటి అల్లేదాన్ని. అందులో పెద్ద పాపం చేస్తున్నానని నాకు అనిపించలేదు. మీరు పాసయ్యారు. ఇళ్లకి డబ్బు పంపారు. నువ్వు ఆ కథల్ని అట్టేపెట్టి, సముద్రం దాటించి, కూతురికి చెప్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

తప్పు నాది. ఇషాకి చెప్పు. నీ మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు. కావాలంటే క్షమాపణ నా చేత్తో రాసిస్తాను.

తను మొదలుపెట్టిన పని మంచిది. ఆ ఇరవై ఎనిమిదితో పేపర్ పూర్తవుతుంది. పేరు పేజీ వదిలేయమను. నీకు దండం పెడతాను, అది వదిలెయ్.

రాధారాణి

* * *

షాంటిలీ
నవంబర్ 17

మేడమ్,

నిరుడు మా ప్రాజెక్ట్‌లోకి ఇంగ్లండ్ నుంచి ఒకాయన వచ్చాడు. టీమ్ అంతా ఉండగా ఆయనకి నౌకరీ కథ చెప్పాను. మర్యాదగా విని "ఇంట్రెస్టింగ్" అన్నాడు. ఇంగ్లీష్ వాడు ఇంట్రెస్టింగ్ అన్నాడంటే నమ్మలేదని అర్థం, అని నాకు నేర్పింది మీరే. ఆయన మొహం ఇప్పుడు గుర్తొస్తోంది.

అది పోనీండి. పరువు పోయినా బతకొచ్చు. మీ ఉత్తరం చదివి ఇషాకి నిజం చెప్పాను. అది అరవలేదు. "అయితే నాకు చిన్నప్పుడు చెప్పినవాటిలో ఏది రియల్? అమ్మని ఫస్ట్ టైమ్ కలిసిన స్టోరీ కూడా మేడప్ ఆ?" అంది. అంతే మేడమ్. ఆ అరగంట కూడా పోయింది.

నేను మీ మీద పెట్టుకున్న నమ్మకం గురించి మాట్లాడే ఓపిక లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఇరవై ఏళ్లుగా కాఫీ షాపుల్లో, ఆఫీస్‌లో, పక్కింటివాళ్ల దగ్గర నేను మార్టిన్‌ని. ఎవరు అడిగినా ఆ పిట్ట కథ చెప్పాను. అదీ అల్లిందేనా? లీడ్స్ పెద్దావిడ ఎవరిని అడిగింది?

నిజం రాయలేకపోతే ఇక ఉత్తరం రాయొద్దు.

వేణుమాధవ్

* * *

ప్లెయిన్స్‌బరో
నవంబర్ 24

వేణూ,

మూడు రోజులు ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాకు చేతనైన పద్ధతిలోనే రాస్తున్నాను. నాలుగు సంగతులు.

రోగి. పేరు భీమశంకర్. వయసు ఇరవై ఒకటి. ఊరు జనగామ. నీకంటే ముందు బ్యాచ్. మార్టిన్ అతనే. మన ఫ్లోర్ మీద అతనంత ఓర్పుగా మాట్లాడినవాడు లేడు. లీడ్స్ ఆవిడకి ఏ జబ్బూ లేని వాషింగ్ మెషిన్ ఉండేది. వారం వారం అతనితో మాట్లాడటానికే ఏదో ఒక వంక పెట్టుకుని ఫోన్ చేసేది. కాల్ నిమిషాలు పెరుగుతున్నాయని నేను చీవాట్లు పెడితే "పాపం ఒక్కతే ఉంటది మేడమ్" అనేవాడు.

ఏం జరిగింది. అది ఆగస్టు నెల. ఒక మధ్యాహ్నం షిఫ్ట్ మొదలయ్యే ముందు నా బల్ల దగ్గరకొచ్చాడు. "మేడమ్, పానం మంచిగ లేదు. రెండొద్దులు ఇంటికి పోయొస్త" అన్నాడు. ఆ వారం క్లయింట్ ఆడిట్. నలుగురు అప్పటికే సెలవులో ఉన్నారు. నేను తలెత్తి అతని మొహం చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. టీమ్ మొత్తం వినేలా "ఏంటి మార్టిన్, స్కైవింగా?" అన్నాను. అంతకుముందు రోజే ఆ మాట నేర్పాను. తాజాగా ఉంది. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. వెళ్లి సీట్లో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి అతని పేరు స్కైవర్. "స్కైవర్ వచ్చిండు", "స్కైవర్ టీ తాగుతుండు". నేను ఆపలేదు. నేనూ రెండుసార్లు అలాగే పిలిచాను. నాలుగు రోజులు జ్వరంతో కాల్స్ తీసుకున్నాడు. ఒక్కరోజు మానలేదు. మానితే ఆ పేరు నిజమవుతుందని. ఐదో రోజు బస్సెక్కి జనగామ వెళ్లాడు. డెంగీ. రెండు రోజులకి ఆసుపత్రిలో పోయాడు.

మందు. మా ఫారంలో "అనుమానిత మందు" అని ఒక గడి ఉంటుంది. అక్కడ నేను ఒక మాట రాయాలి. ఆ మాట నీ నోట్‌బుక్‌లో ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది కదా.

మూడు వారాలకి నువ్వు చేరావు. కొత్త లాగిన్ కావాలంటే ఇంగ్లండ్ నుంచి రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఖాళీగా ఒకటి ఉందిగా, అది వాడండి అన్నాడు మేనేజర్. నేను సరేనన్నాను. ఆ లాగిన్‌తో పాటే పేరు కూడా వచ్చింది. టేప్ ముక్క మీద ఉన్నది భీమశంకర్ దస్తూరీ. దాన్ని పీకేయడానికి నాకు చేతులు రాలేదు. నువ్వు "ఈ పేరు ఎందుకు పెట్టారు మేడమ్" అని అడిగితే అప్పటికప్పుడు ఆ పిట్టని పుట్టించాను. అలాంటి పిట్ట ఉంది. కానీ నీ పేరుకి దానితో సంబంధం లేదు. లీడ్స్ ఆవిడ సరిగ్గానే గుర్తుపట్టింది. నేను నీ చేత అబద్ధం చెప్పించాను.

చెప్పింది ఎవరు. రాధారాణి. ఇన్నేళ్లలో మొదటిసారి చెప్పడం. మా ఆయన ఉన్నప్పుడు ఆయనకీ చెప్పలేదు.

నా మీద జాలి పడొద్దు. నేను అలిసిపోయిన మాట నిజమే గానీ, అది నౌకరీ వల్ల వచ్చిన అలసట కాదు.

రాధారాణి

* * *

షాంటిలీ
డిసెంబర్ 15

మేడమ్,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కథలు అల్లినందుకు కాదు. లీడ్స్ ఆవిడ ఆ తర్వాత ఇంకో రెండు సార్లు చేసింది. రెండుసార్లూ జలుబు తగ్గలేదని చెప్పాను. మూడోసారి "సరే నాయనా" అని పెట్టేసింది, మళ్లీ చేయలేదు. ఆవిడకి తెలిసిపోయిందనుకుంటాను. చనిపోయిన మనిషి కుర్చీలో రెండేళ్లు కూర్చుని ఆ పేరుతో జోకులేశాను. కాఫీ షాపులో ఇప్పుడు వేణు అని చెప్తున్నాను. కప్పు మీద నాలుగు రకాలుగా రాస్తున్నారు, రాయనీండి.

మీ ఉత్తరం ఇషాకి చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాను. మళ్లీ దాచిపెడితే ఇంకెప్పటికీ నా మాట నమ్మదనిపించి, చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదుగా. మధ్యలో కాగితం కింద పెట్టేశాను. అది లేచొచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు చాలాసేపు కూర్చుంది మేడమ్.

డ్రాఫ్ట్ మార్చేసింది. ఆ పదమూడు మాటల్ని తీసేయలేదు. విడిగా పెట్టి, "రాసుకునే వీలు లేనివాళ్ల కోసం ఒక టీచర్ అల్లిన పుట్టుకలు, హైదరాబాద్, 2004" అని రాసింది. టీచర్‌కి నచ్చింది. జనవరి 17కి ఫైనల్ ఇవ్వాలి.

చివరి పేజీ మార్టిన్. అసలు పేరు భీమశంకర్ అని రాసుకుంది. మారుపేరు దగ్గర ఆగిపోయింది. "స్కైవర్ అని రాయను. దట్స్ నాట్ హిస్ నేమ్. ఇంట్లో ఆయన్ని వాళ్లమ్మ ఏమని పిలిచేది? అందరికీ ఉంటుంది కదా ఇంట్లో పేరు. ఆంటీని అడుగు" అంది. ఆ గడి ఖాళీగా ఉంచింది. మీకు తెలుసా?

వేణుమాధవ్

* * *

ప్లెయిన్స్‌బరో
జనవరి 5

వేణూ,

నాకు తెలీదు. ఇంట్లో ఏమని పిలిచేవారో నేనెప్పుడూ అడగలేదు. ముప్ఫై మందికి మేమే పేర్లు పెట్టినవాళ్లం కదా.

అప్పట్లో హెచ్‌ఆర్‌లో ఉన్న స్పందనని పట్టుకున్నాను. ఆమె ఎక్కడెక్కడో అడిగి భీమశంకర్ తమ్ముడి నంబర్ సంపాదించింది. ఆదివారం పొద్దున పదింటికి చేశాను. ఎనిమిదేళ్ల తర్వాత నా అంతట నేను చేసిన మొదటి ఫోన్ ఇది. తమ్ముడు వాళ్లమ్మకి ఇచ్చాడు. ఆమె పేరు బాలమణి. డెబ్బై దాటి ఉంటాయి. నా అసలు పేరు చెప్పి, మీ అబ్బాయి ఆఫీస్‌లో పనిచేశానన్నాను. ఇక్కడ ఒక చదువుకునే పిల్ల అడుగుతోంది, మీవాణ్ని ఇంట్లో ఏమని పిలిచేవారమ్మా అన్నాను.

ఆమె వెంటనే చెప్పింది. "గడియారం అనేటోళ్లం బిడ్డా. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాంక ఒక్కదినం బడి ఎగ్గొట్టలే. వానొచ్చినా పోయేటోడు, జొరమొచ్చినా పోయేటోడు. వాడు సంచి భుజానేసుకుంటే తొమ్మిదైందని వాడకట్టంత లెక్క. వాళ్ల తాత పెట్టిండు ఆ పేరు."

నేను రాసుకుంటున్నాను.

ఆమె ఆగి మళ్లీ అంది. "ఆఫీసుల గూడ వానికి ఒక పేరు పెట్టిన్రట గద. స్కైవరో ఏందో. ఆఖరికి ఇంటికొచ్చినప్పుడు చెప్పిండు. అంటే ఏంది కొడుకా అంటే, 'అందరికంటె మంచిగ పనిచేసేటోన్ని అట్లంటరమ్మా' అన్నడు. దవాఖానల మంచం మీద గూడ నవ్వుకుంట చెప్పిండు. అంతేనా బిడ్డా?"

వేణూ, అవునమ్మా అంటే అయిపోయేది. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరున్న మాట అది. వాడు అల్లి అమ్మకిచ్చిపోయిన పుట్టుక. నా కథలన్నిటికంటే మంచి కథ. దాన్ని తీసేసుకునే హక్కు నాకుందా అని ఆలోచించాను. కానీ ఆమె అడిగింది నన్ను. ఆ పేరు పెట్టింది నేను.

కాదమ్మా అన్నాను. అర్థమేమిటో చెప్పాను. ఎవరు పెట్టారో, ఎందుకు నవ్వారో, నాలుగు రోజులు ఎందుకు మానలేదో అంతా చెప్పాను. పక్కన టీవీ సౌండ్ వినిపిస్తోంది. ఎవరో దాన్ని ఆపేశారు. లైన్ కట్టయిందేమో అనుకుని "అమ్మా" అన్నాను.

"గడియారం అని రాయమను ఆ పిల్లను" అని ఫోన్ పెట్టేసింది.

ఇషా ఆ గడి నింపుకోవచ్చు. ఆధారం దగ్గర ఇలా రాయమను: చెప్పినవారు బాలమణి, అతని తల్లి, జనగామ.

రాధారాణి